ఇసుకలో ముగ్గే గుడ్లు

చి. సిరికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

డోలోత్సవం జనంలో ఎవరూ తప్పిపోకుండా ఇంటికి చేరారు, అదే పదివేలు. సిరి రాసిన కాగితాన్ని మీ నాన్న ఫోటో తీసి పంపాడు. "శ్రీకూర్మం గుడిలో తాబేళ్లకి అందరూ దండం పెట్టారు. సాయంత్రం కళింగపట్నం బీచ్‌లో అంత పెద్ద తాబేలు చచ్చి పడుంటే ఎవరూ పట్టించుకోలేదేం తాతా? అయినా నీళ్లలో ఉండే తాబేలు నీళ్లలో మునిగి చచ్చిపోవడమేంటి?" అని అడిగావు.

రెండోది సులువు, ముందు అది చెప్పేస్తాను. గుడిలో మీరు చూసినవి నక్షత్ర తాబేళ్లు. నేల మీద బతుకుతాయి, భయమేస్తే తలా కాళ్లూ డొప్పలోకి లాక్కుంటాయి. బీచ్‌లో చూసింది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు. దాని తల లోపలికి పోదు, కాళ్లు ఈతకు వీలుగా చదునుగా ఉంటాయి. బతుకంతా సముద్రంలోనే, కానీ గాలి మాత్రం మనలాగే ముక్కుతో పీల్చాలి, అందుకు పైకి రావాల్సిందే. మరబోట్లు లాగే పెద్ద వలలో చిక్కితే పైకి రాలేదు. కంగారుగా కొట్టుకునేసరికి ఊపిరి ఇంకా తొందరగా అయిపోతుంది. ఆ వలనేమో గంటల తరబడి లాగుతారు.

ఇక మొదటి ప్రశ్న. మనవాళ్లకి తాబేలంటే భక్తి లేదనుకోకు. నా చిన్నప్పుడు మా పల్లెలో ఒక పెద్దాయన ఉండేవాడు. వలలో తాబేలు బతికుండగా చిక్కితే ఒడ్డుకి తెచ్చి, డొప్పకి పసుపు రాసి, బొట్టు పెట్టి, "పోయి రా తల్లీ" అని నీళ్లలోకి తోసేవాడు. వల చిరిగినందుకు లోపల్లోపల తిట్టుకునేవాడేమో, నాకు తెలీదు. కానీ సముద్రం అడుగున లాగే వలలో ఏం చిక్కిందో, వల పైకి తీసేదాకా బోటు మీదున్నవాళ్లకే కనిపించదు. కనిపించేసరికి అది చచ్చిపోయి ఉంటుంది. దాన్ని నీళ్లలో పడేస్తారు, అల మన ఒడ్డుకి తెస్తుంది.

తాబేలు బయటపడేందుకు వలలో బిగించే కడ్డీల చట్రం ఒకటుంది. మన బోట్లకు సరిపడేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారు చేసింది. దాంట్లోంచి చేపలు కూడా పోతున్నాయని బోట్లవాళ్ల బాధ. డీజిల్ ఖర్చు పెట్టుకుని పోయేవాడికి ఆ టెన్షన్ ఉండదా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతారు కదా, అది చేపలు గుడ్లు పెట్టే కాలమని. తాబేళ్లు మన ఒడ్డుకి వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా, అప్పుడు బోట్లు ఆగవు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ రుషికుల్య ఏరు సముద్రంలో కలిసేచోట ఒక్కో ఏడాది లక్షల తాబేళ్లు ఒకేసారి గట్టెక్కుతాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ చుట్టుపక్కల 20 కిలోమీటర్ల లోపు వేట చేయనివ్వరు. మన దగ్గర ఒక పల్లె దాటితే ఇంకో పల్లె, మధ్యలో సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు. తాబేళ్లు ఒకటీ అరా వస్తాయి. వాటికోసం ఇంత తీరం ఖాళీగా ఉంచమంటే ఎవరు ఉంచుతారు? మనుషుల మధ్యనే దారి చూడాలి.

గుడ్ల సంగతి చెప్పాలంటే మా అమ్మమ్మ మామిడికాయలు ముగ్గేసిన గది గురించి చెప్పాలి. గది మూల వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పేది. రెండు రోజులయ్యాక గడ్డిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. పైనుంచి వేడి పెట్టిందెవరూ లేరు, కాయలే తమ వేడిని పుట్టించుకుంటాయి. మధ్యలో ఉన్నవి ముందు పండేవి. నీళ్లు తగిలితే కుళ్లిపోయేవి. మేం ఊరికే గడ్డి ఎత్తి చూస్తే అమ్మమ్మ చీపురు తిరగేసేది. ఆ గది వాసన ఇప్పటికీ ఎండాకాలం రాగానే ముక్కుకి తగిలినట్టే ఉంటుంది. అప్పట్లో మూడు రకాల కాయలుండేవి మా పెరట్లో, పీచు మామిడి రసం జుర్రుకుంటే మోచేతుల దాకా కారేది... సరే, తాబేలు.

తల్లి తాబేలు వెనక కాళ్లతో మోకాలి లోతు గొయ్యి తవ్వి, వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు. ఇసుక వేడికి తోడు, లోపల పిల్లలు పెరిగేకొద్దీ గుడ్లకీ సొంత వేడి పుడుతుంది, గడ్డిలో కాయలకి పుట్టినట్టే. నడిమి గుడ్లు కాస్త ఎక్కువ వెచ్చగా ఉంటాయి. ఆటుపోటు నీళ్లు ఎక్కితే కుళ్లిపోతాయి. కదిలించకూడదన్న రూలు ఇక్కడ ఇంకా గట్టిది. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకి అంటుకుంటుంది, ఆ తర్వాత దొర్లిస్తే చచ్చిపోతుంది. అందుకే కుక్కలూ నక్కలూ తవ్వకముందే, ఆ రాత్రే, అటవీ శాఖ తరఫు మనుషులు గుడ్లు ఏరి వలకంచె వేసిన చోట మళ్లీ పూడుస్తారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలొస్తాయి. ఇసుక బాగా వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఇక్కడికొచ్చేసరికి మా అమ్మమ్మ గది పనికిరాదు. మామిడిపండు లేచి సముద్రంలోకి పరిగెత్తదు కదా!

గుడ్లు పెట్టడం నేను ఒకసారి చూశాను. ఆ పెద్దాయనే సరుగుడు తోట పక్కకి తీసుకెళ్లాడు. గొయ్యి కప్పేశాక అది ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకని దబదబా కొట్టి చదును చేసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పురిటినొప్పులకి ఏడుస్తోందన్నాడాయన. ఒంట్లో చేరిన సముద్రపు ఉప్పుని కంటి దగ్గరున్న గ్రంథులతో అలా బయటికి పంపుతుందని తర్వాత చదివాను. పుట్టిన తీరానికే ఏళ్ల తర్వాత ఎలా తిరిగొస్తుందంటే, భూమి అయస్కాంతాన్ని పసిగడుతుందంటారు. అది నాకు చదివినా బుర్రకెక్కలేదు. మీ సైన్స్ మాస్టారిని అడగండి.

ఒంటిపూట బడులు మొదలయ్యాక ఒక శనివారం రండి. తాబేలు పిల్లల్ని సముద్రంలో వదిలే రోజు కనుక్కుని ఉంచుతాను. తెల్లవారుజామునే లేవాలి. చేత్తో ఎత్తి నీళ్లలో వేయకూడదు, ఇసుక మీద వాటినే నడవనివ్వాలి. వెలుతురు ఎటుంటే అటు పోతాయి, సముద్రం మీద మెరుపే వాటికి గుర్తు. కాబట్టి మీ నాన్న ఫోన్ టార్చి వేస్తే లాక్కుని మీ దగ్గర పెట్టేసుకోండి. ఏమీ అనడు, నేను చెప్పానని చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య