స్విస్ రెడ్‌క్రాస్ ఉద్యోగాలు ఇవ్వదమ్మా!

పోయిన నెల కడప నుంచి ఫోన్. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన అమ్మాయి. "అక్కా, స్విట్జర్లాండ్ రెడ్‌క్రాస్‌లో పోస్టు ఖాయమన్నారు, ఇంకా పిలుపు రాలేదు" అని ఏడుపు. ఏజెంటుకి మూడు లక్షలు కట్టారు. వాళ్లమ్మ గొలుసు తాకట్టులో ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో నర్సుగా చేస్తున్న నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

అపోహ: రెడ్‌క్రాస్ గుర్తింపు వస్తే ఉద్యోగం, వీసా వచ్చినట్టే.

వాస్తవం: రానే రావు. మన నర్సింగ్ చదువు ఇక్కడి చదువుకు సాటి వస్తుందా లేదా అని తేల్చడం వరకే దాని పని. చాలదనిపిస్తే అదనపు శిక్షణో, పరీక్షో అడుగుతుంది. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్‌లలో ఏదో ఒకటి బీ2 స్థాయి (తడుముకోకుండా మాట్లాడగలిగే మధ్యస్థాయి) వరకు రావాలి. దరఖాస్తు మీరే నేరుగా పెట్టుకోవచ్చు. ఉద్యోగమిచ్చేది ఆసుపత్రి. వర్క్ పర్మిట్ అడగాల్సిందీ ఆసుపత్రే, అది కూడా యూరప్ బయటివాళ్లకున్న కోటాలోనే.

సేవాసంస్థకు సర్టిఫికెట్లతో పనేంటి అంటారు. 1866లో స్విస్ సైన్యాధికారి జనరల్ డ్యుఫూర్, జెనీవా న్యాయవాది మొయ్నియే చొరవతో బెర్న్‌లో స్విస్ రెడ్‌క్రాస్ మొదలైంది, స్విస్ సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ సహాయసంఘంగా. గాయాలకు కట్టు కట్టే చేతులు యుద్ధమొచ్చాక వెతికితే దొరకవు. అందుకే 1899లో బెర్న్‌లోనే నర్సింగ్ స్కూలు పెట్టింది. 1903 నుంచి ఆ శిక్షణకు కేంద్ర ప్రభుత్వం సాయం అందింది. తర్వాత దశాబ్దాలపాటు దేశంలో నర్సింగ్ చదువుల ప్రమాణాలు చూసింది ఈ సంస్థే. 2004లో కొత్త వృత్తివిద్యా చట్టం వచ్చాక ఆ బాధ్యత ప్రభుత్వానికి వెళ్లింది. విదేశీ డిప్లొమాల పరిశీలన మాత్రం ప్రభుత్వం తరఫున ఇంకా దీని దగ్గరే ఉంది.

నాకు మొదట వచ్చిన జవాబులో అదనపు శిక్షణ చేయమన్నారు. తిరస్కరించారనుకుని ఆ రాత్రంతా ఏడ్చాను. అది తిరస్కారం కాదు. మీకూ అలాంటి ఉత్తరం వస్తే భయపడకండి, నిదానంగా రెండుసార్లు చదవండి. ఆ శిక్షణలోనే ఒక పెద్దావిడ మంచం పక్కన కూర్చుని బెర్న్ యాస నేర్చుకున్నాను. క్లాసులో చెప్పిన జర్మన్ వేరు, ఆవిడ నొప్పి చెప్పుకునే జర్మన్ వేరు.

మిగతావి టూకీగా. జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, ఈ స్విస్ రెడ్‌క్రాస్ ఒకటి కాదు. కమిటీ 1863 నాటిది. శిలువ గుర్తు మతానిది కాదు, స్విస్ జెండా రంగులు తిరగేసినది. తటస్థ దేశానికి రెడ్‌క్రాస్ ఎందుకనేవాళ్లు 1871 సంగతి తెలుసుకోవాలి. ప్రష్యాతో (నేటి జర్మనీ) యుద్ధంలో ఓడిపోయిన ఒక ఫ్రెంచ్ సైన్యం, దాదాపు 87,000 మంది, చలికాలంలో సరిహద్దు దాటి ఇక్కడికే వచ్చి తలదాచుకుంది.

కడప అమ్మాయి ఏజెంటు ఇచ్చిన కాగితం ఫొటో పంపింది. పైన ఎర్ర శిలువ, కింద సంతకం లేదు. ఆ గుర్తును అనుమతి లేకుండా వాడటం మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారమే నేరం. ఆ కాగితం, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని నాన్నతో కలిసి స్టేషన్‌కి వెళ్లమన్నాను. వెళ్లింది.