నిలబడి చెడిపోయిన కారు

మా నాన్న ఫియట్ కారు తిరిగి తిరిగి చెడిపోలేదు, నిలబడి చెడిపోయింది. కాకినాడ జగన్నాథపురంలో మా పుట్టింటి పెరట్లో, రేకుల షెడ్డు కింద, పద్దెనిమిదేళ్లు. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి, వెనక సీటు పిల్లులకి పురిటిగది అయిపోయింది, పాత సామాన్లవాడు మూడుసార్లు వచ్చి బేరమాడాడు. మూడోసారి మా అమ్మ దాదాపు ఒప్పేసుకుంది కూడా. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి నా మీద పడ్డారు. "అమ్మా, నువ్వు కెమిస్ట్రీ చదివావు కదా, మనమే బాగుచేద్దాం" అని. కెమిస్ట్రీకీ కారుకీ ఏం సంబంధంరా అన్నాను అప్పుడు. ఏడాదిపాటు ఆదివారాలన్నీ అక్కడే పోయాక ఇప్పుడు చెప్తున్నాను, పాత కారు పనిలో ముప్పావువంతు కెమిస్ట్రీయే.

ముందు కారు సంగతి. ఇది 1971లో కొన్న ఫియట్ 1100 డిలైట్. ఇటలీ ఫియట్ దగ్గర లైసెన్సు తీసుకుని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన బండి. ఇదే కారు 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. ముంబై నలుపు-పసుపు ట్యాక్సీలు గుర్తున్నాయి కదా, అవే. ఆ ట్యాక్సీల్లో చివరిది 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. 1089 సీసీ ఇంజను, గేరు స్టీరింగ్ పక్కన. మన దేశంలో యాభై ఏళ్లు దాటిన కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చని 2021లో నిబంధన తెచ్చారు. అయితే చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదు. కొత్త మారుతి ఇంజను పెట్టేద్దాం అన్న మావాడి ఐడియా అక్కడితో ఆగిపోయింది. మంచిదే అయింది.

మొదటి ఆదివారం రబ్బరు మ్యాట్ ఎత్తగానే కింద నేల కనిపించింది. ఫ్లోరు కాదు, నిజంగా పెరటి నేల! డ్రైవర్ కాళ్లు పెట్టే చోట అరచేయంత కన్నం. విచిత్రం ఏమిటంటే, పక్కనే మ్యాట్ చిరిగిపోయి గాలి తగులుతున్న రేకు మీద పైపైన ఎర్రటి పొడి ఉంది తప్ప రేకు గట్టిగానే ఉంది. తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలని స్కూల్లో చెప్పారు కదా, మరి గాలి తగలని చోట ఎందుకు తినేసింది అని మా అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. నాకు వెంటనే జవాబు రాలేదు, రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది.

కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ అనే ఆయన 1920లలో ఒక్క చుక్క ఉప్పునీళ్లతో దీన్ని తేల్చాడు. మేమూ చేశాం. శుభ్రంగా రుద్దిన ఇనుపరేకు ముక్క మీద ఉప్పునీటి చుక్క వేసి, అందులో మా అమ్మాయి కాలేజీ ల్యాబులో అడిగి తెచ్చుకున్న ఫినాల్ఫ్తలీన్ కాస్త కలిపాం. పసుపుకి సున్నం తగిలితే పారాణి ఎర్రబడుతుంది కదా, అలా ఇది క్షారం తగిలితే గులాబీ రంగు తిరుగుతుంది. కొంతసేపటికి చుక్క అంచు చుట్టూ గులాబీ ఉంగరం వచ్చింది, మధ్యలో ఏమీ లేదు. అంచు దగ్గర నీటి పొర పలచన, గాలిలోని ఆక్సిజన్ తేలిగ్గా అందుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తీసుకుని క్షారంగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఇచ్చేది మాత్రం చుక్క మధ్యలో ఆక్సిజన్ అందని ఇనుము. అది ఎలక్ట్రాన్లని రేకులోంచి అంచుకి పంపించి, తాను అయాన్లుగా నీళ్లలో కరిగిపోతుంది. అంటే ఒక్క చుక్కలోనే చిన్న బ్యాటరీ తయారైందన్నమాట. తినేది ఒకచోట, తినబడేది ఇంకోచోట. ఎర్రటి తుప్పు ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో పేరుకుంటుంది, అందుకే మనం మోసపోతాం.

ఇప్పుడు మ్యాట్ సంగతి చూడండి. చిరుగు దగ్గర ఆక్సిజన్ అందుతోంది, మ్యాట్ కింద తడి ఉంది కానీ గాలి లేదు. మ్యాట్ కింద ఇనుమే బలి. మడ్‌గార్డు లోపల పేరుకున్న బురద కింద, రంగు పొక్కిన చోట పొక్కు అడుగున, వెల్డింగ్ చేసిన రెండు రేకుల మధ్య సందులో, అన్నిచోట్లా ఇదే కథ. లప్పం పెట్టి నున్నగా రంగేసి అమ్మే పాత కార్లు ఆరు నెలలకే మళ్లీ ఎందుకు పొక్కుతాయో అర్థమైంది కదా. తుప్పుకి ఇనుము కన్నా చోటు ఎక్కువ కావాలి, రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా. లోపల పెరుగుతూ పైనున్న రంగుని అదే ఎత్తేస్తుంది.

దీనికి తోడు సముద్రపు గాలి. వర్షాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది కదా. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోంచే నీళ్లు లాక్కుని కరుగుతుంది, సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ ఇంకా ముందే ఆ పని మొదలుపెడుతుంది. అంటే వాన పడకపోయినా, షెడ్డు కింద ఉన్నా, కాకినాడలో కారు మీద సన్నటి ఉప్పునీటి పొర సిద్ధంగా ఉంటుంది. షెడ్డు ఉంది కదా ఏం కాదులే అని మేమంతా అనుకున్నాం!

తుప్పు వదిలించడానికి మాకు బాగా పనికొచ్చింది బకెట్టు. ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు, చాకలి సోడా, పాత బ్యాటరీ ఛార్జరు. తుప్పు పట్టిన డోరు కబ్జా ఛార్జరు నెగటివ్‌కి, పనికిరాని ఇనుపముక్క పాజిటివ్‌కి. ఇనుము పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లని మనం వెనక్కి తోస్తున్నాం అనుకోండి. కబ్జా మీద హైడ్రోజన్ బుడగలు వస్తాయి, తుప్పు వదులై కొంత నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది, బ్రష్షుతో రుద్దితే రాలిపోతుంది. అలాగని పోయిన ఇనుము తిరిగి రాదు, కన్నం కన్నంలాగే ఉంటుంది. చేసేవాళ్లకి రెండు మాటలు: ఆరుబయటే చెయ్యండి, ఎందుకంటే హైడ్రోజన్ అంటుకుంటుంది. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె మాత్రం పెట్టకండి, అందులో ఉన్న క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది. సోడా బదులు ఉప్పు వేసినా విషపు క్లోరిన్ రావచ్చు.

పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బరేటర్ దగ్గర మాత్రం మావాడు దెబ్బ తీశాడు. పాత పెట్రోలు ఆరిపోయి లోపల బంకలాగా, వార్నిష్ కొట్టినట్టు పట్టేసింది. పెట్రోలులో కొన్ని హైడ్రోకార్బన్లు గాలితో కలిసి మెల్లగా పెద్ద పెద్ద అణువులుగా అతుక్కుపోతాయి, ఆ బంక అదే. బంకని థిన్నర్‌తో వదిలించాక ఇత్తడి జెట్ల మీద, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్నటి కన్నాల ముక్కల మీద, కిలుము మిగిలింది. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు రసంలో నానబెడదాం అన్నాను. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అది కిలుముని కరిగించి, రాగి అయాన్లని పట్టుకుని తీసుకుపోతుంది. వీడు జెట్లతో ఊరుకోకుండా కార్బరేటర్ మూత కూడా అందులో పడేసి పడుకున్నాడు. ఆ మూత జింకు మిశ్రమం. ఇత్తడికి మేలు చేసే ఆమ్లమే జింకుని తినేస్తుంది. పొద్దున్నకి మూత బూడిదరంగులో గరుకుగా తయారైంది. తిట్టాను. తర్వాత, పక్క పక్క లోహాలు ఒకే మందుకి ఒకేలా స్పందించవని వీడికి జన్మలో ఎవరూ చెప్పక్కర్లేదులే అనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్లవాళ్లకి ఇదో టెన్షన్. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, పంపులో పొర ఇథనాల్‌కి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కాబట్టి అవన్నీ మార్చేశాం. ఇంకోటి, పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లే చాలు. కార్బరేటర్‌కి మెదడు లేదు, 1971లో తూకం వేసిన కన్నంలోంచే పోస్తుంది. అందుకని ఇంజనుకి ఇంధనం కాస్త తక్కువైనట్టు అవుతుంది, వేడెక్కుతుంది. జెట్టు ఒక సైజు పెద్దది వెయ్యమన్నాడు మేస్త్రి. ఆయన ఫియట్ల మీద చెయ్యి తిరిగిన మనిషి, చూపు తగ్గింది కానీ చెవి తగ్గలేదు.

బ్యాటరీ గురించి చెప్పడానికి ఏమీ లేదు, చచ్చిపోయింది, కొత్తది కొన్నాం.

ఇంజను తిరగలేదు. బిగుసుకుపోయింది. నాలుగు సిలిండర్ల ఇంజనుని ఎప్పుడు ఆపినా ఒక సిలిండరు గాలి పీల్చే దశలో, ఒకటి పొగ వదిలే దశలో ఆగుతాయి, అంటే ఆ రెండింట్లో ఏదో ఒక వాల్వు తెరిచే ఉంటుంది. పద్దెనిమిదేళ్ల తేమ అటునుంచే లోపలికి పోయి పిస్టన్ రింగుల్ని సిలిండరు గోడకి అతికించేసింది. మా అమ్మ ఆముదం పొయ్యమంది. పిల్లలు నవ్వారు. నిజానికి నవ్వాల్సిన మాట కాదు. మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ విమాన ఇంజన్లు నడిచింది ఆముదంతోనే, పెట్రోలులో తేలిగ్గా కలిసిపోదు, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి. ఇంజనాయిలు అమ్మే క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే. కానీ మాకు కావలసింది అంత చిక్కటిది కాదు. వత్తిలోకి నూనె ఎగబాకినట్టు వెంట్రుకవాసి సందులోకి దూరేది కావాలి. డీజిల్‌లో కొంచెం ఇంజనాయిలు కలిపి స్పార్క్ ప్లగ్గుల కన్నాల్లోంచి పోసి వదిలేశాం. రోజూ సాయంత్రం వెళ్లి ముందు పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి అటూ ఇటూ మెల్లగా ఊపడం, అంతే. తొమ్మిదో రోజున సూది మొనంత కదిలింది. మా అమ్మాయి పుల్లీ మీద చాక్‌పీసుతో గీత గీసింది కాబట్టి నమ్మాం, లేకపోతే భ్రమ అనుకునేవాళ్లం.

తర్వాత కరెంటు. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ రావాలంటే వేల వోల్టులు కావాలి, బ్యాటరీలో ఉన్నవి పన్నెండు. మోటారు నడుస్తుండగా కుళాయి ఠక్కున కట్టేస్తే గొట్టాలు ధడేల్‌మని కొట్టుకుంటాయి చూడండి, ఈ కిటుకు కూడా అలాంటిదే. కాయిల్‌ అనే తీగచుట్టలో పారుతున్న కరెంటుని పాయింట్లు, అంటే ఇంజనుతో పాటు తెరుచుకుంటూ మూసుకునే చిన్న స్విచ్చు, ఠక్కున తెంపేస్తాయి. అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కుప్పకూలుతుంది, పక్కనే వేల చుట్లున్న తీగలో పెద్ద వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకి వందసార్లు తెరుచుకోవాలి. మా పాయింట్లు తెరుచుకునేవి కానీ కలిసేవి కావు, మధ్యలో ఆక్సైడ్ పొర. గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దితే ప్లగ్గు దగ్గర నీలం రవ్వ కనబడింది.

ఆపైన తప్పు నాది. ప్లగ్గు వైర్లు 1, 2, 3, 4 అని వరసగా పెట్టేశాను. ఈ ఇంజనులో సిలిండర్లు పేలే వరస 1-3-4-2. సెల్ఫ్ కొట్టగానే కార్బరేటర్ నోట్లోంచి ఠప్పుమని మంట వచ్చింది, తడి గోనెసంచి పక్కన పెట్టుకోమని మేస్త్రి ముందే చెప్పబట్టి సరిపోయింది. పిల్లలు ఇప్పటికీ దెప్పుతారు.

వైర్లు మార్చాక నాలుగోసారికి అందుకుంది. సైలెన్సర్‌లోంచి, పద్దెనిమిదేళ్ల మురికితో పాటు మేం పోసిన డీజిల్, ఇంజనాయిలు అన్నీ మండి, తెల్లగా నీలంగా పొగ షెడ్డంతా నిండి గోడ దాటి వీధిలోకి పోయింది. దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారనుకుని పక్కింటావిడ కిటికీలు మూసేసింది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "మూడో సిలిండరు సరిగా అందుకోవట్లేదు కదూ" అంది. మేస్త్రి ఆవిడకేసి చూసి, నిజమేనమ్మా అని మళ్లీ బానెట్‌లోకి వంగాడు. కారు ఇంకా ఇటుకల మీదే ఉంది. బ్రేకులు విప్పాలి, ఫ్లోరుకి రేకు వెయ్యాలి. బకెట్టులో ఎడమ డోరు కబ్జా నానుతోంది.