మెమోలో ఒక్క అక్షరం: ప్రత్యేక అవసరాల పిల్లల ‘పాస్’ వెనుక కథ

పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు, సిద్ధం చేసే రోజులు వస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రధానోపాధ్యాయుల గదుల్లో ఒక పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలకు భాషా పేపర్లలో, ఉత్తీర్ణత మార్కుల్లో సడలింపు ఇస్తే పరీక్షకు విలువేం మిగులుతుందని ఒకరు అంటారు. ఇవ్వకపోతే ఆ పిల్లల చదువు పదితోనే ఆగిపోతుందని ఇంకొకరు అంటారు. ఈసారీ అదే. 1995 నాటి వికలాంగుల చట్టం, సర్వశిక్షా అభియాన్, ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రాలు వగైరా తొలి అధ్యాయాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని పక్కన పెడదాం. నేటి తగవుకు మూలం 2024 వేసవిలో ఉంది. అది కూడా పదిలో కాదు, ఇంటర్మీడియట్‌లో.

రాష్ట్ర ఇంటర్‌లో దివ్యాంగ విద్యార్థులకు రెండు భాషల్లో ఒకటి రాయకుండా మినహాయింపు ఉండేది. ఆ పేపరు ఎదురుగా మెమోలో మార్కులకు బదులు ‘ఇ’ అనే ఆంగ్ల అక్షరం వేసేవారు. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాది జేఈఈలో దివ్యాంగుల కోటాలో మంచి ర్యాంకులు తెచ్చుకున్న మన విద్యార్థులు కౌన్సెలింగ్‌కు వెళ్లేసరికి ఆ అక్షరమే అడ్డం తగిలింది. ఐఐటీ ప్రవేశానికి అయిదు సబ్జెక్టుల మార్కులు కావాలి. ఒక భాష, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిపినా నాలుగే అవుతాయి. అయిదో స్థానంలో అంకె లేదు. మెమో చెల్లదన్నారు. తల్లిదండ్రులు విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ దృష్టికి తీసుకెళ్లారు. ప్రభుత్వం ఆగమేఘాల మీద జీవో ఇచ్చింది, మినహాయింపు పొందిన పేపరుకు మార్కులు చూపే మెమోలు చేతికొచ్చాయి. ఐఐటీలు, ఎన్ఐటీల వంటి సంస్థల్లో 25 మందికి సీట్లు దక్కాయి.

పత్రికలు దీన్ని శుభవార్తగా రాశాయి. శుభవార్తే. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. రాయితీ ఇచ్చినవారు ఆ కాగితాన్ని రేపు ఎవరు, ఎక్కడ చదువుతారో ఆలోచించలేదు. పిల్లవాడిని గడప దాటించారు, అవతల వాకిలి తెరిచి ఉందో లేదో చూడలేదు. ఆ వేసవి నుంచే తల్లిదండ్రుల ప్రశ్న మారింది. పూర్వం ‘మా వాడికి రాయితీ ఉందా’ అని అడిగేవారు. ఇప్పుడు ‘రాయితీ తీసుకుంటే మెమోలో ఏం పడుతుంది’ అని అడుగుతున్నారు. సమాధానం చెప్పాల్సిన ఉపాధ్యాయుడి దగ్గర నిబంధనల కాగితం ఉంటుంది కానీ ఈ ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

రాయితీని వ్యతిరేకించేవారి మాట కూడా చెప్పాలి. సబ్జెక్టుకు 35 మార్కులే కనీస ప్రమాణం, అంతకన్నా దిగితే చదువుకు అర్థం లేదంటారు. దొంగ ధ్రువపత్రాల భయమూ ఉంది, అది నిరాధారం కాదు. అయితే హిందీలో 20 వస్తే చాలని అందరికీ సడలించినప్పుడు ప్రమాణం పడిపోయిందని ఎవరూ గోల పెట్టలేదు. కరోనా వల్ల 2020లో, 2021లో పరీక్షే లేకుండా అందరూ పాసయ్యారు, ఆ మెమోలనూ నేడు ఎవరూ వేలెత్తి చూపడం లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో అదనపు సమయం, లేఖకుడి సాయం, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు పేర్లతో సహా ఉన్నాయి. అది దయతో ఇచ్చే వెసులుబాటుగా అక్కడ రాయలేదు, ప్రభుత్వాలు చేయాల్సిన పనుల్లో చేర్చారు.

ఎందుకు చేర్చారో తెలియాలంటే పుట్టు చెవుడు ఉన్న ఒక అమ్మాయి తెలుగు జవాబుపత్రం చూడాలి. ‘నేను నిన్న బడి వెళ్లు’ అని ఉంటుంది. సంజ్ఞా భాషకు దాని వ్యాకరణం దానికుంది, మన విభక్తులు అందులో లేవు. చెవిన పడని ‘కి’, ‘ని’, ‘తో’ చేతికి ఎలా వస్తాయి? దిద్దే ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో సున్నా చుడతారు. ఆ అమ్మాయికి విషయం తెలియక కాదు. చూపు లేని విద్యార్థిది ఇంకో తిప్పలు. లేఖకుడిగా వచ్చేది తొమ్మిదో తరగతి పిల్లవాడు. తను ఇంకా నేర్చుకోని గణిత సూత్రాన్ని విని, పొరపాటు లేకుండా కాగితం మీద పెట్టాలి.

ఇక ధ్రువపత్రం. అసలు చిక్కు ఇక్కడే. పరీక్షల రాయితీకి పాఠశాలలు సదరం పత్రంలో, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, వైకల్యం 40 శాతం ఉందా అని చూస్తాయి. 17వ సెక్షన్‌లో ఆ 40 అంకె ఎక్కడా లేదు. లేఖకుడి సాయానికి 40 శాతం షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో తేల్చింది. 2022 ఆగస్టులో కేంద్రం అంతకు తక్కువ వైకల్యం ఉన్నవారికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మన బడుల దాకా ఆ కబురు సరిగా రాలేదు.

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గిరిజన పిల్లల సంగతి మరీ క్లిష్టం. ఇంట్లో సవర, బడిలో తెలుగు. 2004లో రాష్ట్రం ఎనిమిది భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో సవర కూడా ఉంది, కానీ అది ప్రాథమిక తరగతుల ముచ్చట. పదికి వచ్చేసరికి పిల్లవాడు చదవలేకపోతే అది అభ్యసన వైకల్యమా, పరాయి భాష బరువా? తెలుగులో తయారైన పరీక్ష సవర పిల్లవాడికి పెడితే ఏం తేలుతుంది?

దీనికి పింఛన్ల వ్యవహారం తోడైంది. దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగాక అనర్హులను ఏరేందుకు 2025లో పునఃపరిశీలన జరిగింది. పాత శాతాలు తగ్గి చాలామందికి నోటీసులు వెళ్లాయి. ఏరివేత అవసరమే కావచ్చు. కానీ సదరం పత్రం ఒక్కటే. పింఛను కోసం కొలిచిన శాతమే బడిలో పరీక్ష రాయితీకీ కొలబద్ద. ఇంట్లో ఒకరి శాతం 40 కిందికి దిగితే, అదే ఇంట్లో పదో తరగతి చదివే బిడ్డను మళ్లీ సదరం శిబిరానికి తీసుకెళ్లాలంటే తల్లిదండ్రులు జంకుతున్నారు. వెళ్లకపోతే నామినల్ రోల్‌లో ప్రత్యేక అవసరాల గడిలో ‘లేదు’ అని పడుతుంది, ఆ తర్వాత మార్చిలో లేఖకుడిని అడిగే హక్కు గురించి వాదించేందుకు ఆధారమే ఉండదు.