గడువున్న దానం

రక్తదానానికి వెళ్తే ముందు వేలి చివర గుచ్చి తీసిన రక్తపు బొట్టును నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తారు. బొట్టు ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, గుండ్రంగా అడుక్కి దిగిపోతే నర్సు తలూపుతుంది. పైనే తేలితే "ఈసారికి వద్దండీ, కొన్నాళ్లాగి రండి" అంటుంది. ఆ ద్రావణం సాపేక్ష సాంద్రత, అంటే నీటితో పోలిస్తే దాని బరువు, 1.053 రెట్లు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు దాదాపు 12.5 గ్రాములైనా ఉంటేనే బొట్టు అంతకన్నా బరువై మునుగుతుంది. ఇప్పుడు చాలాచోట్ల దీని బదులు చిన్న మీటర్లు వచ్చేశాయి. అయినా నాకు ఈ పాత పద్ధతే ఇష్టం. ఇంకొకరికి ఇచ్చేంత మన దగ్గర ఉందో లేదో కళ్లముందే తెలిసిపోతుంది.

పెద్ద ప్రమాదం వార్త రాగానే జనం బ్లడ్ బ్యాంకుల ముందు బారులు తీరతారు. అది గొప్ప మనసే. కానీ క్షతగాత్రులకు ఆ గంటలో ఎక్కించేది మాత్రం అప్పుడే ఇచ్చిన రక్తం కాదు. దాని గ్రూపు చూడాలి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ లాంటి పరీక్షలు చేయాలి, భాగాలుగా వేరుచేయాలి. ఆ రాత్రి ప్రాణం నిలబెట్టేది అంతకు పది రోజుల ముందు, ఏ హడావుడీ లేని మామూలు రోజున ఎవరో వచ్చి ఇచ్చిపోయిన రక్తం.

ఎందుకంటే రక్తానికి గడువు ఉంది. సంచిలోని రక్తాన్ని వేగంగా తిప్పి మూడు భాగాలు చేస్తారు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను గడ్డకట్టిస్తే ఏడాది వరకు ఉంటుంది. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో, పోషక ద్రావణం కలిపితే 42 రోజులు ఉంటాయి. అసలు చిక్కంతా రక్తస్రావాన్ని ఆపే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లతోనే. వాటిని ఫ్రిజ్‌లో పెడితే, ఎక్కించాక శరీరం త్వరగా తొలగించేస్తుంది. అందుకే 20 నుంచి 24 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కదలకుండా వదిలేస్తే ఒకదానికొకటి అంటుకుంటాయి, వాటికి ఆక్సిజన్ సరిగ్గా అందదు. అందుకని పలచటి పసుపు రంగు సంచుల్ని ట్రేలలో పరిచి, రాత్రీ పగలూ ఉయ్యాలలా ఊపే యంత్రంలో పెడతారు. ఎంత ఊపినా, ఆ వెచ్చదనంలో బ్యాక్టీరియా పెరిగే భయం ఉంటుంది కాబట్టి చాలాచోట్ల 5 రోజులే గడువు. అందులోనూ ఒకటి రెండు రోజులు పరీక్షలకే పోతాయి.

అటు వాడకం చూస్తే ఒక్కరోజు కూడా ఆగదు. ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాని తలసీమియా జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. కీమోథెరపీలో ఉన్నవాళ్లకు ప్లేట్‌లెట్లు కావాలి. కాన్పులో ఒక్కసారిగా రక్తం పోయే తల్లికి నిమిషాల్లో కావాలి. ఒకేరోజు వెయ్యి మంది వచ్చి ఇస్తే కొంత రక్తం గడువు దాటి వృథా కావచ్చు. పైగా ఆ వెయ్యి మందీ మళ్లీ ఇవ్వడానికి చాలా వారాలు ఆగాలి. అదే వెయ్యి మంది విడతలుగా, నెలకు కొందరుగా వస్తే బీరువా ఎప్పుడూ ఖాళీ అవదు.

మన ఒళ్లు మాత్రం ఈ లెక్కకు సిద్ధంగానే ఉంటుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అందుకే ఎముకల్లోని మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాల్ని తయారుచేస్తూనే ఉంటుంది. మనం 450 మిల్లీలీటర్లు ఇస్తే అది మన రక్తంలో సుమారు పదో వంతు. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఆక్సిజన్ కాస్త తగ్గిందని మూత్రపిండాలు పసిగట్టి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను వదులుతాయి. మూలుగ జోరు పెంచుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఎర్రకణాలు మామూలు స్థాయికి వస్తాయి.

ఐరన్ మాత్రం అంత త్వరగా రాదు. ప్రతిసారీ 200 నుంచి 250 మిల్లీగ్రాములు మన దగ్గర్నుంచి వెళ్లిపోతుంది. మామూలుగా తిండి నుంచి ఒళ్లు పట్టుకునేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. అందుకే రెండు దానాల మధ్య దేశాన్ని బట్టి 8 వారాల నుంచి 4 నెలల దాకా విరామం పెడతారు. నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఇంకాస్త జాగ్రత్త అవసరం. హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ ఐరన్ తగ్గి ఉండొచ్చు, కాబట్టి క్రమం తప్పకుండా ఇచ్చేవాళ్లు అప్పుడప్పుడు ఆ నిల్వ ఎంతుందో చూపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకోవాలని గట్టిగా చెబుతాను. ఇచ్చేవాళ్ల ఆరోగ్యం చూసుకోకపోతే ఈ దానం ఎన్నాళ్లో సాగదు.

క్రమంగా ఇచ్చేవాళ్లవల్ల ఇంకో మేలుంది. ఇన్ఫెక్షన్ సోకిన కొత్తల్లో పరీక్షకు దొరకని కొన్ని రోజులుంటాయి. రోగి బంధువులు కంగారుపెడితే వచ్చినవాళ్లు ప్రశ్నాపత్రంలో నిజం దాచే అవకాశం ఉంది. ఏ ఒత్తిడీ లేకుండా, ఏళ్ల తరబడి పరీక్షలు చేయించుకుంటూ వచ్చేవాళ్ల రక్తానికి ఆ ముప్పు బాగా తక్కువ.

ఇలా ముందే సిద్ధంగా ఉండే దాతలు కావాలన్న ఆలోచనకు వందేళ్ల వయసుంది. 1921లో లండన్‌లోని ఒక ఆసుపత్రి, రోగికి రక్తం కావాలని స్థానిక రెడ్‌క్రాస్‌కు ఫోన్ చేసింది. పెర్సీ ఆలివర్ అనే కార్యకర్త, ఇంకొందరు వెంటనే వెళ్లారు. ఒకరి రక్తం సరిపోయింది. ఆ తర్వాత ఆలివర్, పిలిస్తే వచ్చేవాళ్ల జాబితా తయారుచేయడం మొదలుపెట్టారు. అప్పటికింకా బ్లడ్ బ్యాంకులు లేవు. ఆ మనుషులే నడిచే నిల్వ.

మొదటిసారి వెళ్లాలంటే సూది అంటే టెన్షన్ అని చాలామంది అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్‌కూ సూదంటే భయమే. 14 ఏళ్ల వయసులో ఛాతీకి పెద్ద ఆపరేషన్ జరిగి, ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికారు. 18 నిండగానే, 1954లో, తానూ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆయన ప్లాస్మాలో అరుదైన యాంటీబాడీ ఉందని తరవాత తెలిసింది. తల్లి రక్తం గ్రూపు ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తల్లి ఒళ్లు బిడ్డ ఎర్రకణాల మీద దాడి చేయకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్‌కు అది ముడిసరుకు. ప్లాస్మా త్వరగా తిరిగొస్తుంది కాబట్టి రెండు వారాలకోసారి ఇవ్వగలిగారు. 2018లో, 81 ఏళ్ల వయసులో వయోపరిమితి వల్ల ఆపేనాటికి 1,173 సార్లు ఇచ్చారు. సూది గుచ్చుతుంటే మాత్రం ఎప్పుడూ చూసేవారు కాదు, ముఖం పక్కకు తిప్పుకునేవారు.