మైకు కొనేముందు చప్పట్లు కొట్టి చూడండి: ఇంటి స్టూడియోపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో మా ఇంటి వెనక గదిలో పన్నెండేళ్లుగా పాటలు రికార్డు చేస్తున్నాను. ఎక్కువగా భక్తి గీతాలు, లలిత గీతాలు, సంగీతం నేర్చుకునే పిల్లల కీర్తనలు. కొత్తగా స్టూడియో పెట్టుకోవాలనుకునే కుర్రాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది, "అన్నా, ఏ మైకు కొనమంటారు?" అనే. గది గురించి ఎవరూ అడగరు. దాచుకున్న డబ్బంతా మైకుకే పెట్టేసి, తర్వాత మంచి సౌండ్ రావడం లేదని దిగులు పడుతుంటే బాధనిపిస్తుంది.

అపోహ: మంచి మైకు ఉంటే పాట స్టూడియోలో పాడినట్టే వస్తుంది.

వాస్తవం: మైకు మీ గొంతుతో పాటు గదిని కూడా వింటుంది. మన ఇళ్లలో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, పైన స్లాబు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ వెంటనే సన్నగా గణగణమని మోగిందా? అదే మోత మీ పాటలో ప్రతి మాట వెనకా ఉంటుంది. కండెన్సర్ మైకు (స్టూడియోల్లో ఎక్కువగా వాడే రకం) సున్నితమైనది కాబట్టి దాన్ని ఇంకా బాగా పట్టుకుంటుంది. ఇలాంటి గదిలో మామూలు డైనమిక్ మైకు (స్టేజీ మీద చేత్తో పట్టుకునే రకం) దగ్గరగా పెట్టుకుని పాడితేనే చాలాసార్లు మేలు.

ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. రెండు మందపాటి బొంతలు తీసుకుని పాడేవాళ్ల వీపు వెనక వేలాడదీయండి. చాలామంది మైకు వెనక కడతారు. మనం ఎక్కువగా వాడే కార్డియాయిడ్ రకం మైకు ప్రధానంగా వినేది తన ముందున్న వైపు, అంటే పాడే మనిషినీ, ఆ మనిషి వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్నీ. అందుకే బొంత అక్కడ ఉండాలి. నోటికీ మైకుకీ జానెడు దూరం ఉంచండి. మరీ దగ్గరికొస్తే గొంతు బొంగురుగా, బరువుగా మారుతుంది. స్తోత్రాలు పాడేటప్పుడు 'భ', 'ఫ' దగ్గర గాలి మైకుకి తగిలి 'ధబ్' మంటుంది. పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే పల్చటి జాలీ తెర) పెట్టి, మైకును కాస్త పక్కకి తిప్పితే చాలావరకు పోతుంది.

అపోహ: గోడలకు ఫోమ్ గానీ కోడిగుడ్ల ట్రేలు గానీ అంటిస్తే బయటి శబ్దం లోపలికి రాదు.

వాస్తవం: శబ్దాన్ని ఆపేది బరువు. ఇటుక గోడ ఆపుతుంది, తలుపు కింద సందు వదిలేస్తుంది. ముందు ఆ సందుకు రబ్బరు పట్టీ వేయండి. ఫోమ్ చేసేది గది లోపలి మోతను తగ్గించడం, అదీ పై స్వరాల్లోనే. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) ఉండే లోతైన శబ్దం అల పొడవు సుమారు 3.4 మీటర్లు. రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. అందుకే ఫోమ్ నిండా అంటించిన గదుల్లో గొంతు పొడిబారినట్టు, మృదంగం ఎడమ వైపు మోత మాత్రం గుమ్మంటూ వినిపిస్తాయి. గది మూలల్లో నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది) పలకలు గుడ్డ చుట్టి నిలబెడితే ఆ గుమ్ము తగ్గుతుంది. మన దగ్గర మామూలైన పది బై పది గదికి స్లాబు ఎత్తు కూడా పది అడుగులే అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ ఒకే 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. ఇక ట్రేలు అట్టముక్కలు. నిప్పు రవ్వ పడితే అంటుకుంటాయి, దయచేసి వద్దు.

గదిలో మోగే వస్తువులూ ఉంటాయి. ఒక మృదంగం రికార్డింగులో ప్రతి ఎడమ చేతి దెబ్బకీ వెనక సన్నగా గరగర వచ్చింది. కేబుల్ మార్చాను, మైకు మార్చాను, పోలేదు. చివరికి మృదంగం వాయిస్తుండగా గదంతా తిరిగి ఒక్కో వస్తువు మీదా చెయ్యి పెట్టి చూశాను. ఇనప బీరువా పిడి పట్టుకోగానే గరగర ఆగింది. గుడ్డముక్క దోపాను, అంతే.

అపోహ: లెవెల్ ఎర్ర గీత దాకా వెళ్తేనే సౌండ్ నిండుగా ఉంటుంది.

వాస్తవం: సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ సెట్టింగు (చిన్న శబ్దాన్ని కూడా శుభ్రంగా పట్టేది) పెట్టి రికార్డు చేస్తే ఆ అవసరమే లేదు. పీక్‌లు, అంటే అన్నిటికన్నా గట్టిగా వచ్చే చోట్లు, మీటరులో మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు (సున్నా దాటితే హద్దు దాటినట్టే). క్లిప్ అయిన, అంటే హద్దు దాటి పగిలిన స్వరం తిరిగి రాదు. పల్లవి పాడించి గెయిన్ (మైకు లెవెల్ పెంచే నాబ్) పెట్టకండి. చరణంలో తారస్థాయికి వెళ్లే లైను ముందు పాడించి, దానికి పెట్టండి.

అపోహ: 192 కిలోహెర్ట్జ్‌లో, అంటే శబ్దాన్ని సెకనుకు 1,92,000 సార్లు కొలుస్తూ రికార్డు చేస్తేనే క్వాలిటీ.

వాస్తవం: మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ వరకే వింటుంది. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ వేగంతో కొలిస్తే చాలు కాబట్టి పాటకు 44.1, వీడియోకు 48 కిలోహెర్ట్జ్ సరిపోతాయి.

అపోహ: ఏం తేడా వచ్చినా మిక్సింగ్‌లో సర్దేయొచ్చు.

వాస్తవం: ఫ్యాన్ హోరును సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది, దాంతో పాటు గొంతులోని ఊపిరినీ తీసేస్తుంది. ఫ్యాన్ ఆపి పాడటమే మార్గం. మే నెలలో మేం తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టి, వీధిలో బళ్లు మొదలయ్యేలోపు ముగిస్తాం. శృతి హెడ్‌ఫోన్లలోనే వినాలి. అది మైకులో పడిందంటే ఆ టేకు నుంచి విడదీయలేం. ఎడతెగని 'హమ్మ్' వస్తుంటే ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనిదే మొదలుపెట్టలేం.

వాస్తవం: ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అలాంటిదే అయిన రీపర్‌ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాడుకున్న పాటలే 1982లో ఆల్బమ్‌గా విడుదలయ్యాయి.

అపోహ: అవకాశాలు రాకపోతే ఈ ఖర్చంతా దండగ.

వాస్తవం: నా హార్డ్‌డిస్కులో నాకు అన్నిటికన్నా విలువైన ఫైలు మా అమ్మ పాడిన మంగళహారతి. రెండో చరణంలో గొంతు పట్టేసి ఆగి, "మళ్ళీ పాడనా నాన్నా?" అంది. ఆ మాట కట్ చేయలేదు. అసలు వేవ్ ఫైలును (కుదించని రికార్డింగును) మూడు చోట్ల దాచాను: కంప్యూటర్‌లో ఒకటి, విడిగా హార్డ్‌డిస్కులో ఒకటి, గుంటూరులో తమ్ముడి ఇంట్లో ఇంకొకటి.