అడవి గుర్రాన్ని మచ్చిక చేయడం: అపోహలు – వాస్తవాలు

కొట్టకుండా, కాళ్ళు కట్టి పడగొట్టకుండా, నమ్మకం కలిగించి అడవి గుర్రాన్ని మచ్చిక చేసే పద్ధతికి ఈ మధ్య ఆదరణ బాగా పెరిగింది. అయితే పాత అపోహలు పూర్తిగా పోకముందే కొత్తవి పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్నింటిని ప్రచారం చేస్తున్నది ఈ వృత్తిలో ఉన్న మేమే కావడం విచారకరం.

అపోహ: అడవి గుర్రం రక్తంలోనే లొంగని గుణం ఉంటుంది.

వాస్తవం: పశ్చిమ అమెరికాలో స్వేచ్ఛగా తిరిగే మస్టాంగ్ అనే గుర్రాలు స్పెయిన్ వారు తెచ్చిన గుర్రాలకు, తరువాతి కాలంలో పశుక్షేత్రాల నుంచి, సైన్యం నుంచి తప్పించుకున్న వాటికి పుట్టిన సంతతి. అంటే అవి స్వేచ్ఛగా పెరిగిన పెంపుడు గుర్రాలే. వాటి క్రోమోజోములు కూడా మామూలు గుర్రాలలాగే 64. మంగోలియాకు చెందిన ప్రెవాల్‌స్కీ గుర్రానికి మాత్రం 66 ఉంటాయి. మస్టాంగ్‌లో తేడా అనుభవంలోనే ఉంది. మనిషిని అది తొలిసారి దగ్గరగా చూసేది చాలాసార్లు పట్టుకోవడానికి హెలికాప్టర్‌తో తరుముతున్నప్పుడు, ఇరుకు దారిలో ఇరికించి మెడకు ఎడమ పక్క చలిముద్ర (అతి చల్లబరిచిన లోహంతో వేసే గుర్తు) వేస్తున్నప్పుడు, సూది గుచ్చుతున్నప్పుడు. కాబట్టి శిక్షకుడి పని సున్నా కంటే దిగువ నుంచి మొదలవుతుంది.

అపోహ: మృదువైన శిక్షణలో ఒత్తిడి అనేదే ఉండదు.

వాస్తవం: మనిషి దొడ్డిలోకి అడుగు పెట్టడమే ఆ గుర్రానికి ఒత్తిడి. దాన్ని ఎంత మోతాదులో ఉంచుతాము, ఏ క్షణాన తీసివేస్తాము అన్నదానిలోనే నేర్పంతా ఉంది. గుర్రానికి దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగానూ, తోక వెనుకనూ మాత్రమే చూపు ఆనదు. అందువల్ల భుజం వైపుగా, ఏటవాలుగా, మధ్యలో ఆగుతూ వెళ్ళాలి. చెవి మన వైపు తిరిగి అక్కడే నిలిచిపోయినప్పుడు, మెడ బిగిసి శరీరభారం వెనుక కాళ్ళ మీదికి జరిగినప్పుడు, అది పరుగు తీయడానికి సిద్ధపడుతున్నదని అర్థం. అది కదలకముందే మనం ఒక అడుగు వెనక్కి వేయాలి. కదిలిన తరువాత వెనక్కి తగ్గితే, పారిపోవడమే మనిషిని దూరం పెట్టే మార్గమని దానికి మనమే నేర్పినవాళ్ళమవుతాము. తొలి స్పర్శకు చాలామంది పొడవైన వెదురు కర్ర వాడతారు. చేతికి అందనంత దూరం నుంచే మూపు మీద మెల్లగా రుద్దవచ్చు. గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో గోక్కునేది కూడా అక్కడే, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లోని కమార్గ్ జాతి గుర్రాల మీద జరిపిన అధ్యయనం 1993లోనే చూపింది. గోకుడు నచ్చిన గుర్రం పై పెదవిని ముందుకు సాచి వణికిస్తుంది. నేను ఎదురుచూసేది ఆ పెదవి కోసమే.

అపోహ: కదలకుండా నిలబడితే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. తప్పించుకునే దారి లేకుండా కట్టేసి, టార్పాలిన్ పట్టాను, తాళ్ళను ఆపకుండా ఒంటి మీద ఆడిస్తే గుర్రం కొంతసేపు పెనుగులాడి చివరికి నిలబడిపోతుంది. చూసేవారికి అది ప్రశాంతంగా అనిపిస్తుంది. కానీ కంటి పైన చర్మం ముడతలు పడి, ముక్కుపుటాలు బిగిసి, ఊపిరి పైపైన ఆడుతూ ఉంటే అది ప్రశాంతత కాదు, ఏం చేసినా ఫలితం లేదని ప్రయత్నం మానుకోవడం. కొన్ని గంటల్లోనే అడవి గుర్రం మీద జీను వేసి చూపించే ప్రదర్శనలలో నాకు కనిపించేది ఎక్కువగా ఇదే. తేడా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది: తాడు లేకుండా, వెళ్ళిపోవడానికి చోటు ఉండగా అదే పని చేయాలి. అప్పుడు కూడా గుర్రం నిలబడితే, లేదా వెళ్ళి తిరిగి వస్తే, దానిని నమ్మకం అనవచ్చు.

అపోహ: నాలుక చప్పరిస్తే పాఠం అర్థమైనట్టు, లొంగినట్టు.

వాస్తవం: భయంతో నోరెండిన గుర్రం బిగువు సడలుతున్నప్పుడు చప్పరిస్తుంది. అది అంతకుముందు పడిన ఒత్తిడికి గుర్తు కూడా. మాటిమాటికీ చప్పరిస్తున్నదంటే మెచ్చుకోవడం మాని ఒత్తిడి మోతాదు తగ్గించాలి.

అపోహ: శిక్షకుడు మందకు నాయకుడిగా మారాలి.

వాస్తవం: గుండ్రటి ఆవరణలో గుర్రాన్ని తరిమి, అది మన వైపు తిరగగానే తరమడం ఆపితే, కాసేపటికి అది మన దగ్గరికి వస్తుంది. దీనిని నాయకత్వాన్ని అంగీకరించడంగా చెబుతుంటారు. ఆస్ట్రేలియా పరిశోధకులు మనిషికి బదులు రిమోట్ బొమ్మ కారుతో ఇలాగే చేసి, గుర్రాల ప్రవర్తనను మార్చగలిగారు. బొమ్మ కారును ఏ గుర్రమూ నాయకుడిగా ఎంచుకోదు కదా! అక్కడ పనిచేసింది తరమడం ఆగడం వల్ల కలిగిన ఊరట మాత్రమే.

అపోహ: చేతితో మేత పెడితే కరవడం నేర్చుకుంటుంది.

వాస్తవం: ఎప్పుడు, ఎలా పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. ముఖం పక్కకు తిప్పి, తలను తన పరిధిలోనే ఉంచుకున్నప్పుడు మాత్రమే పెడితే గుర్రం ఆ మర్యాదనే నేర్చుకుంటుంది. జేబు తడుముతున్నప్పుడు పెడితే తడమడమే నేర్చుకుంటుంది. ఇంకొక సంగతి, బయట గడ్డి మేసి పెరిగిన గుర్రానికి క్యారెట్, ఆపిల్, దాణా ఆహారమని మొదట్లో తెలియదు. బహుమతిగా ఎండుగడ్డి పరకలతోనే మొదలుపెట్టాలి.

అపోహ: ఒక కంటితో చూసినది రెండో వైపు మెదడుకు అందదు.

వాస్తవం: అందుతుంది, పరీక్షల్లో రుజువైంది. అయినా రెండు వైపులా విడివిడిగా అలవాటు చేయవలసిందే, ఎందుకంటే అదే వస్తువు రెండో పక్క నుంచి వేరుగా కనిపిస్తుంది.

అపోహ: ఒకసారి మచ్చికైతే అందరికీ మచ్చికైనట్టే.

వాస్తవం: గుర్రం నేర్చుకున్నది ఆ మనిషితో, ఆ చోట నేర్చుకున్నది. కొత్త యజమాని దగ్గర తొలి రోజుల్లో మళ్ళీ బెదురుతుంది. మచ్చిక కాని పెద్ద గుర్రాన్ని దత్తత ఇవ్వడానికి, ఈ గుర్రాలను చూసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ కనీసం 400 చదరపు అడుగుల దొడ్డిని, 6 అడుగుల ఎత్తు కంచెను షరతుగా పెడుతుంది. కొంత మచ్చికైన గుర్రాన్ని తెచ్చుకునేవారు కూడా మొదట అలాంటి దొడ్డిలోనే ఉంచడం మేలు. హాల్టర్ (తలకు తొడిగే పట్టీ) వేయించుకోవడం, కాలు ఎత్తి గిట్ట చూపించడం, రెండు పక్కలా తాకనివ్వడం, ఇవన్నీ పాత శిక్షకుడు పక్కన ఉండగా కొత్త చేతులతో మొదటి నుంచి చేయించాలి. గిట్టలు కోసే వ్యక్తిని ఆ తరువాతే పిలవాలి.