ఈఆర్‌పీలో ఏఐ: మన వ్యాపారుల అపోహలు - వాస్తవాలు

కర్నూలు, ఆదోని, బేతంచెర్ల వైపు జిన్నింగ్ మిల్లులకు, నాపరాయి పాలిషింగ్ యూనిట్లకు, సిమెంటు డీలర్లకు ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ పెట్టివ్వడం నా పని. రెండూ ఓపెన్ సోర్స్ ఈఆర్‌పీలే, అంటే కొనుగోళ్లు, అమ్మకాలు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్లు. మొదటిది ముంబైలో పుట్టింది, రెండోది బెల్జియంలో. ఈ మధ్య ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఇందులో ఏఐ పెట్టొచ్చా?" పెట్టొచ్చు. కలపడం పెద్ద కష్టమేమీ కాదు. అది ఎంతవరకు చేయాలో ముందే తేల్చుకోకపోతే మాత్రం లెక్కలు పాడవుతాయి. నాకు తరచూ వినబడే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: బిల్లు ఫోటో తీస్తే చాలు, ఎంట్రీ దానంతటదే పడిపోతుంది

సగం నిజం. ప్రింటయిన ఇంగ్లీషు బిల్లులో పేరు, జీఎస్టీ నంబరు, తేదీ, మొత్తం ఇప్పటి ఏఐ మోడళ్లు బాగానే చదువుతాయి. చేతిరాత కాటా చీటీ దగ్గరే తడబడతాయి. అర్థం కాని అంకె వస్తే "తెలియలేదు" అని ఆగకుండా చాలాసార్లు అక్కడ సరిపోయేలా ఉన్న ఇంకో అంకె రాసేస్తాయి. ఖాళీ ఉంటే మన కంటికి పడుతుంది. నిజంలా కనబడే తప్పు పడదు. అందుకే దాన్ని చూసి నేను భయపడతాను.

అంకెలన్నీ సరిగ్గా చదివినా పని అయిపోదు. ఆదోనిలో మిల్లువాళ్లు రైతు దగ్గర పత్తి కొంటారు. రైతు జీఎస్టీ బిల్లు ఇవ్వడు. 2017 నవంబరు 15 నుంచి ఇలా కొన్న ముడి పత్తి మీద 5 శాతం పన్ను రివర్స్ చార్జ్ కింద కొన్నవాళ్లే కట్టాలి, సెల్ఫ్ ఇన్వాయిస్ కూడా వాళ్లే రాసుకోవాలి. అదే పత్తి జీఎస్టీ ఉన్న వ్యాపారి దగ్గర తీసుకుంటే మామూలు కొనుగోలే. ఈ తేడా కాటా చీటీలో ఉండదు. అమ్మినవాళ్లు రైతా, వ్యాపారా అన్నది ఈఆర్‌పీలో సప్లయర్ వివరాల్లో ముందే రాసి పెట్టాలి. అక్కడ లేకపోతే ఏఐ ఊహిస్తుంది. దాని ఊహకు పన్ను కట్టేది మిల్లు ఓనరు.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో దీనికి మంచి కట్టడి ఉంది. కొనుగోలు బిల్లులాంటి పత్రం ముందు డ్రాఫ్ట్‌గా ఉంటుంది, తర్వాత సబ్మిట్ అవుతుంది, అవసరమైతే క్యాన్సిల్ అవుతుంది. డ్రాఫ్ట్‌లో ఉన్నంతసేపూ లెడ్జర్ కదలదు. సబ్మిట్ అయ్యాక రేటు, బరువు లాంటివి దిద్దలేం, రద్దు చేసి మళ్లీ రాయాల్సిందే. కాబట్టి ఏఐకి విడిగా ఒక యూజర్ తయారుచేసి, డ్రాఫ్ట్ రాసే హక్కు మాత్రమే ఇస్తాను. సబ్మిట్ హక్కు ఇవ్వను. ఎంత దగ్గరి క్లయింట్ అడిగినా ఈ ఒక్క విషయంలో ఒప్పుకోను. మీది కంపెనీ అయితే ఇంకో కారణం కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదు కావాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. ఏఐ రాసినవి ఓనరు లాగిన్‌తో పడుతుంటే, ఏది మనిషి రాశాడో ఏది మిషన్ రాసిందో రేపు ఆడిటర్‌కు ఎలా చూపిస్తారు?

అపోహ: ఓపెన్ సోర్స్ కాబట్టి మన లెక్కలు అందరికీ కనబడతాయి

అందరికీ కనబడేది ప్రోగ్రామ్ కోడ్. మీ లెక్కలు మీ సర్వర్‌లోనే ఉంటాయి. జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది. క్లౌడ్‌లోని ఏఐని ప్రశ్న అడిగినప్పుడు, జవాబుకు కావలసిన పార్టీ పేర్లు, బాకీలు కూడా ప్రశ్నతో పాటు బయటి సర్వర్‌కు వెళ్తాయి. ఏవి పంపాలో, ఏవి పంపకూడదో ముందే రాసుకోవాలి.

దానికంటే ఎక్కువగా నేను చూసే లోపం ఇంట్లోనే ఉంటుంది. తొందరలో ఏఐకి అన్నీ చూడగలిగే అడ్మినిస్ట్రేటర్ కీ ఇచ్చేస్తారు. అప్పుడు కాటా దగ్గర కూర్చున్న కుర్రాడు "ఈ నెల లాభమెంత?" అని అడిగినా జవాబు వచ్చేస్తుంది. కోడ్ రాసేవాళ్లకు ఒక మాట: ఈఆర్‌పీనెక్స్ట్‌కు పునాది అయిన ఫ్రాపేలో గెట్ లిస్ట్ అనే ఫంక్షన్ యూజర్ పర్మిషన్లు చూస్తుంది, గెట్ ఆల్ చూడదు, నేరుగా రాసే ఎస్‌క్యూఎల్ కూడా చూడదు. ఏఐకి ఇచ్చే ప్రతి ఫంక్షన్‌లో ఇది సరిచూసుకోండి.

అపోహ: జీఎస్టీ రేట్లన్నీ ఏఐకి తెలుసు

దానికి తెలిసింది శిక్షణ ఇచ్చిన రోజు వరకే. సిమెంటు మీద ఏళ్ల తరబడి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది. అంతకుముందు తయారైన మోడల్‌ను అడిగితే 28 అని తడుముకోకుండా చెబుతుంది. రేటు ఈఆర్‌పీలో మనం రాసి పెట్టుకున్న పన్ను రేట్ల పట్టిక (ట్యాక్స్ టెంప్లేట్) నుంచే రావాలి.

అపోహ: మా ఐటమ్ లిస్టు గందరగోళంగా ఉంది, ఏఐ సర్దేస్తుంది

ఒకే రాయిని ఒకరు "కడప బ్లాక్" అని, ఇంకొకరు "కడప స్లాబ్" అని, మరొకరు "నాపరాయి నలుపు" అని ఎక్కించిన లిస్టులు చాలా ఉన్నాయి. ఏవేవి ఒకటే అయి ఉండొచ్చో ఏఐ వేగంగా పట్టి చూపిస్తుంది, ఈ పనిలో అది నాకు నిజంగా నచ్చింది. కలిపే నిర్ణయం మాత్రం రాయి తెలిసిన మనిషే తీసుకోవాలి. మందం తేడా, పాలిష్ తేడా పేరులో లేకపోతే దానికి రెండూ ఒకటే. ఈఆర్‌పీనెక్స్ట్‌లో రెండు ఐటమ్‌లను కలిపేశాక మళ్లీ విడదీయలేం, ముందు బ్యాకప్ తీసుకోండి.

యూనిట్లదీ ఇదే సంగతి. పత్తి క్వింటాళ్లలో కొంటారు, దూది 356 కిలోల క్యాండీ లెక్కన రేటు కడతారు, 170 కిలోల బేళ్లుగా స్టాకు పెడతారు. ఈ మార్పిడి లెక్కలు ఐటమ్ మాస్టర్‌లో, అంటే ఒక్కో సరుకు వివరాలు రాసి పెట్టే చోట ఉంటే ఈఆర్‌పీ రిపోర్టే కచ్చితంగా చెబుతుంది. ఏఐ చేత కూడికలు చేయించొద్దు, రిపోర్టును తెప్పించి చదివించండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉచితం, ఏఐ కూడా ఉచితమే

క్లౌడ్ మోడళ్లకు టోకెన్ల లెక్కన, అంటే మోడల్ మాటల్ని విడగొట్టి చదివే చిన్న ముక్కల లెక్కన డబ్బు పడుతుంది. ఇంగ్లీషు కంటే తెలుగులో అదే మాటకు ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. ఓడూ సొంతంగా ఇచ్చే బిల్లు చదివే సౌకర్యం డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే ఉంది, ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లో లేదు. మోడళ్లను సొంత కంప్యూటర్‌లోనే నడిపే ఒల్లామా అనే సాఫ్ట్‌వేర్‌తో చిన్న మోడల్ పెట్టుకోవచ్చు, డేటా బయటికి పోదు. కానీ తెలుగు చేతిరాత దగ్గర చిన్న మోడళ్లు ఇంకా వెనకబడే ఉన్నాయి. స్టాకు తగ్గితే గుర్తు చేయడం, బాకీదారుకు మెసేజ్ పంపడం లాంటి వాటికి అసలు ఏఐ అక్కర్లేదు. రీఆర్డర్ లెవెల్ (స్టాకు ఎంతకు తగ్గితే మళ్లీ తెప్పించాలో చెప్పే హద్దు), నోటిఫికేషన్ ఇప్పటికే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి.

అపోహ: ఇక గుమస్తా అక్కర్లేదు

టైపు చేసే పని తగ్గుతుంది, సరిచూసే పని పెరుగుతుంది. చీటీ మీద చేతిరాత ఎవరిదో చూడగానే చెప్పగలిగే మనిషి, ఫలానా రైతు బండికి అంత బరువు రాదని పట్టుకునే మనిషి మిల్లులో ఆయనే. ఆయన్ను ఒక వారం కూర్చోబెట్టి డ్రాఫ్ట్‌లు ఎలా చూడాలో నేర్పించండి. సబ్మిట్ హక్కు ఆయన లాగిన్‌కే ఇవ్వండి.